ఇంటికి అలారం పెట్టిస్తే దొంగ నిజంగా ఆగుతాడా?

మే నెలలో పది రోజులు ఊరెళ్తున్నాం, అలారం ఎలా పనిచేస్తుంది, పెట్టించుకుంటే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. మాది గుంటూరు, బ్రాడీపేట. వెనక వీధిలో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డాక భయమేసి మేమూ పెట్టించాం, మూడేళ్లయింది. ఇన్నాళ్లలో దొంగ రాలేదు గానీ బల్లి వచ్చింది, ఆ సంగతి తర్వాత చెప్తా.

అలారం దొంగని ఆపదండి. అరుస్తుంది, ఫోన్ చేస్తుంది, అంతే. ఆ అరుపు విని వచ్చేవాళ్లు ఉన్నారా లేదా అన్నది మీరు చూసుకోవాలి.

తలుపుకి పెట్టేది చాలా సింపుల్. రెక్కకి ఒక అయస్కాంతం ముక్క, ద్వారబంధానికి ఒక చిన్న స్విచ్. స్విచ్ లోపల గాజు గొట్టంలో రెండు సన్నటి లోహపు రేకులుంటాయి, అయస్కాంతం దగ్గరగా ఉన్నంతసేపూ అవి అతుక్కుని ఉంటాయి, తలుపు తీయగానే విడిపోయి కరెంటు దారి తెగుతుంది, ప్యానెల్‌కి (అలారం మొత్తాన్ని నడిపే పెట్టె) విషయం తెలిసిపోతుంది. వైరు రకంలో ఎవరైనా వైరు కోసినా జరిగేది అదే, మోగుతుంది. మనం లోపలికొచ్చి అలారం ఆపే నంబరు నొక్కడానికి కొంత టైమ్ ఇస్తుంది, మాకు 30 సెకన్లు పెట్టారు. మా అత్తయ్య గుడి నుంచి వచ్చి కొబ్బరిచిప్ప ఎక్కడ పెట్టాలా అని చూసేలోపే ఆ 30 సెకన్లు అయిపోయేవి!

హాల్లో గోడ మూలన పెట్టేది పీఐఆర్ సెన్సర్, మనిషి కదలికని కనిపెట్టేది. అది బయటికి ఏమీ వదలదు, ఒంటి నుంచి వచ్చే వేడిని మాత్రం పసిగడుతుంది. పైనున్న గీతల ప్లాస్టిక్ మూత గదిని ముక్కలు ముక్కలుగా చూస్తుంది, వేడి ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి కదిలితే మోగిస్తుంది, అందుకే సెన్సర్‌కి ఎదురుగా నడిచొచ్చేవాడికన్నా అడ్డంగా వెళ్లేవాడు త్వరగా దొరుకుతాడు. ఇక బల్లి. సరిగ్గా ఆ మూత మీదే పాకితే సెన్సర్‌కి అది ఏనుగంత కనిపిస్తుందనుకుంటా. రాత్రి రెండింటికి సైరన్, మా ఆయన చేతిలో అప్పడాల కర్ర, మొదటిసారి ఎదురింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు, రెండోసారి బాల్కనీలోంచి చూశారు, మూడోసారి లైటు కూడా వేయలేదు. వాళ్లని తప్పు పట్టలేం. తర్వాత సెన్సర్‌ని ట్యూబ్‌లైటు దగ్గర్నుంచి (పురుగులకోసం బల్లులు చేరేది అక్కడే కదా) వేరే గోడకి మార్పించాం.

మీరు వెళ్లేది మే నెలలో కాబట్టి ఇంకో విషయం. మూసేసిన ఇంట్లో వేడి 37 డిగ్రీల దాకా వెళ్తే మనిషి ఒంటికీ గోడకీ పెద్ద తేడా ఉండదు, సెన్సర్ మొద్దుబారుతుంది. మంచి రకాల్లో వేడిని బట్టి సర్దుకునే ఏర్పాటు ఉంటుంది, అడిగి మరీ తీసుకోండి. ఏదైనా సరే తలుపులకీ కిటికీలకీ అయస్కాంతాలు మానొద్దు.

మేం చేసిన తెలివితక్కువ పని సిమ్‌కి రీఛార్జ్ మర్చిపోవడం. ప్యానెల్‌లో సిమ్ ఉందన్న సంగతే గుర్తులేదు, ఒకరోజు టెస్ట్ చేస్తే సైరన్ మోగింది, ఫోన్ మాత్రం రాలేదు. మీది పాత 2జీ నెట్‌వర్క్ మీద మాత్రమే పనిచేసే ప్యానెల్ అయితే జియో సిమ్ వేయొద్దు, వాళ్లకి 2జీ లేదు. కరెంటు పోయినప్పటి కోసం లోపలుండే బ్యాటరీని కూడా, వెళ్లేముందు ప్లగ్ పీకేసి ఒకసారి చూసుకోండి.

పది రోజులకోసమే అయితే డబ్బు పెట్టకముందు తాళం వేసిన ఇళ్ల మీద కన్నేసి ఉంచడానికి ఏపీ పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ చూడండి. నమోదు చేసుకుంటే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు, లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కి తెలుస్తుంది. కెమెరాలు ఖాళీగా ఉన్నాయో లేదో వారం ముందే స్టేషన్‌లో అడగండి. అలారమే పెట్టిస్తే మాత్రం ఒక తాళంచెవి, నంబరు నమ్మకమైన పక్కింటివాళ్లకి ఇచ్చి వెళ్లండి, లేకపోతే బల్లి దెబ్బకి మీ వీధంతా పది రోజులు నిద్రపోదు.