ఎఫ్‌1 మీద ఎంఎస్ చేస్తుంటే ఎడ్యుకేషన్ టాక్స్ క్రెడిట్ వస్తుందా?

మీ అబ్బాయి అమెరికాలో ఎఫ్‌1 స్టూడెంట్ వీసా మీద ఎంఎస్ మొదటి ఏడాది, కాలేజీ నుంచి 1098-టీ వచ్చింది, ఎడ్యుకేషన్ టాక్స్ క్రెడిట్ (చదువు ఫీజుకు పన్నులో ఇచ్చే తగ్గింపు) కింద 2,500 డాలర్లు వస్తాయని రూమ్మేట్స్ అంటున్నారు, నిజమేనా అని అడిగారు. మీవాడికి రాదండి. 1098-టీ అనేది ఫీజు కట్టినట్టు కాలేజీ ఇచ్చే కాగితం, అంతే. అది వచ్చిందని అర్హత ఉన్నట్టు కాదు.

ఇదే మాట విని నేనూ బోల్తా పడ్డాను. ఎంఎస్ చేసేటప్పుడు అందరూ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో 1040 (రెసిడెంట్లు వేసే పన్ను రిటర్న్) ఫైల్ చేశాను. రీఫండ్ వెయ్యి డాలర్లు దాటేసరికి రూమంతా బిర్యానీ పార్టీ. ఏడాదిన్నర తర్వాత తప్పని తెలిసి, 1040-ఎక్స్ (సవరించిన రిటర్న్) వేసి, వడ్డీతో సహా వెనక్కి కట్టాను. అప్పుడు పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

నా తప్పులు రెండు. ఎఫ్‌1 మీద మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లమే (అక్కడ ఉంటున్నా నివాసులుగా లెక్కకు రాం). ఆగస్టులో దిగినా ఆ ఏడు మొత్తం ఒకటిగా లెక్క. పెళ్లయి, రెసిడెంట్ అయిన భార్యతోనో భర్తతోనో కలిసి ఫైల్ చేస్తే తప్ప నాన్‌రెసిడెంట్‌కు ఈ క్రెడిట్లు లేవు. రెండోది, ఆ 2,500 డాలర్ల అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ కాలేజీ చదువులో మొదటి నాలుగేళ్లకే. మన బీటెక్‌తోనే ఆ నాలుగేళ్లు అయిపోయాయి కదా!

తర్వాత హెచ్‌1బీ ఉద్యోగ వీసాకి మారాను. అక్టోబర్ 1న మొదలైంది కాబట్టి ఆ ఏడాది లెక్కకొచ్చినవి 92 రోజులే (ఎఫ్‌1 రోజులు కలవవు), రెసిడెంట్ అవ్వాలంటే ఉండే 183 రోజుల పరీక్షకు చాలలేదు, మళ్లీ నాన్‌రెసిడెంటే. ఆ తర్వాతెప్పుడో, రెసిడెంట్లమయ్యాక, మా ఆవిడ కమ్యూనిటీ కాలేజీలో రెండు కోర్సులు చేసినప్పుడు లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ దొరికింది. దానికి డిగ్రీ కోర్సే చదవక్కర్లేదు, నాలుగేళ్ల పరిమితీ లేదు. ఫీజులో 20 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు. 3,000 కట్టాం, 600 తగ్గింది. బయట కొన్న పుస్తకాలు కలవలేదు. ఇద్దరం కలిసే ఫైల్ చేశాం, విడివిడిగా వేస్తే ఇవ్వరు. ఉమ్మడి ఆదాయం 1,60,000 డాలర్లు దాటితే క్రెడిట్ తగ్గుతూ 1,80,000 దగ్గర సున్నా అవుతుంది.

మీవాణ్ని 1040 కాకుండా నాన్‌రెసిడెంట్ల రిటర్న్ అయిన 1040-ఎన్ఆర్ వెయ్యమనండి. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను మినహాయింపు) ఉంది. క్యాంపస్ జాబ్ జీతంలో ఫెడరల్ టాక్స్ కట్ చేసి ఉంటే, వెనక్కి వచ్చేది అక్కడే.