బాటిల్ అడుగున చూసుకో అమ్మలూ

విశాఖపట్నం

అమ్మలూ,

అర్జెంటీనాలో కతమార్కా ఉప్పు మైదానాలకు లిథియం శాంపిళ్ళు తీయడానికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గర్వంగా ఉంది. దానికి రెట్టింపు టెన్షన్‌గా ఉంది.

పాస్‌పోర్టు, ఇన్సూరెన్సు నీకు నాకంటే బాగా తెలుసు. ఎత్తు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. అక్కడి ఓంబ్రే మ్వెర్తో ఉప్పు మైదానం దగ్గర దాదాపు 4,000 మీటర్లు. మన అరకు 900 మీటర్లే, ఆ ఘాట్ రోడ్డులోనే నీకు వాంతులు. అది మలుపుల వల్ల అంటావు, నాకు తెలుసు. అయినా కింది ఊళ్ళో ఆగి, ఒళ్ళు అలవాటు పడ్డాకే పైకి వెళ్ళు. తలనొప్పి వస్తే మొహమాటపడకుండా చెప్పు. ఆ తెల్లటి ఉప్పు మీద పడ్డ ఎండ కిందనుంచి కూడా కొడుతుంది, గెడ్డం కింద కూడా క్రీము రాసుకో.

ఇక నీళ్ళు. మన ఆర్కే బీచ్ నీళ్ళలో లిథియం లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండదు. అక్కడి బ్రైన్‌లో, అంటే చిక్కటి ఉప్పునీళ్ళలో, వందల మిల్లీగ్రాములు. చుట్టూ ఉన్న అగ్నిపర్వతాల రాళ్ళు, వేడినీటి ఊటలు లిథియాన్ని వదులుతాయి. ఆ నీళ్ళకి సముద్రానికి పోయే దారి లేదు, పడే వాన కంటే ఆవిరయ్యేదే ఎక్కువ. ముందు కాల్షియం కార్బొనేటు, తర్వాత జిప్సం, ఆపైన మామూలు ఉప్పు గట్టిపడి దిగిపోతాయి. లిథియం ఆ ఉప్పులో ఇమడదు, నీళ్ళలోనే పోగవుతూ ఉంటుంది. రాళ్ళ నుంచి ఎంత, ఊటల నుంచి ఎంత అన్నది ఒక్కో మైదానానికి ఒక్కో లెక్క. అందుకని మధ్యలో బ్రైన్ ఒక్కటే పట్టుకొచ్చెయ్యకు. అంచున దిగే వాగు నీళ్ళు, ఊట నీళ్ళు కూడా పట్టు.

ఇప్పుడు చెప్పేది విసుక్కోకుండా చదువు. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌కి నౌపడ ఉప్పు మడుల నుంచి చేదునీళ్ళు తెచ్చారు. ఉప్పు తీశాక మిగిలే చిక్కటి నీళ్ళు, నాలుకకి తగిలితే ఆ చేదు చాలాసేపు వదలదు. మిట్టమధ్యాహ్నం పట్టిన నీళ్ళు, డిసెంబరు చలిలో రాత్రి రైల్లో వచ్చాయి. తెల్లారేసరికి మెగ్నీషియం సల్ఫేటు గింజకట్టి అడుగున పేరుకుంది. ఎవరూ బాటిల్ ఎత్తి వెలుతురులో చూడలేదు. పైన తేరిన నీళ్ళు పిపెట్‌తో తీసి కొలిచేశారు. ఎండాకాలంలో వచ్చిన రెండో విడతలో మెగ్నీషియం బాగా ఎక్కువ చూపించింది. తప్పెవరిదంటే మడి కాపలా ముసలాయనది, మొదటిసారి మామూలు నీళ్ళు కలిపేశాడన్నారు. ఆయన్ని పిలిపించారు. భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడి అన్నీ విన్నాడు. తర్వాతెప్పుడో కుర్రాడొకడు పాత బాటిల్ కడగబోతే అడుగున గింజలు గరగరలాడాయి. రిపోర్టు దిద్దారు. ఆ ముసలాయనకి కబురు చేసినవాళ్ళు లేరు. నాకు ఇప్పటికీ కోపమే.

నీకిది ఇంకా ముఖ్యం. మెగ్నీషియం ఎంతుందన్నదాన్ని బట్టే లిథియం తీయడం తేలికో కష్టమో తేలుతుంది. బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానంలో లిథియం కంటే మెగ్నీషియం సుమారు 20 రెట్లు, అక్కడ పడుతున్న ఇబ్బందుల్లో అదొకటి. పైగా నువ్వెళ్ళేచోట రాత్రిళ్ళు సున్నా కిందకి పోతుంది. పట్టిన చోటే వడకట్టు, తూకం వేసి శుద్ధమైన నీళ్ళతో పలచన చెయ్యి, మూత బిగించు. సాంద్రత కూడా అక్కడే చూసుకో. లీటరు బ్రైన్ 1.2 కిలోలు తూగితే, లీటరు లెక్కకీ కిలో లెక్కకీ అయిదో వంతు తేడా వస్తుంది. లెక్క తేడాగా వస్తే ముందు నీ బాటిల్ చూసుకో, ఆ తర్వాతే అక్కడివాళ్ళని అడుగు. అడిగేటప్పుడు మర్యాదగా అడుగు. ఆ ఎడారిలో మంచినీళ్ళకి వాళ్ళెంత అల్లాడతారో నీకు తెలియనిది కాదు.

వెళ్ళేలోపు ఒకసారి ఇంటికి రా, మీ అత్త చింతకాయ పచ్చడి పెడుతోంది. సాంద్రత చూసే నా హైడ్రోమీటరు కూడా తీసుకెళ్ళు. గాజుది, సూట్‌కేసులో పడేసి పగలగొట్టావంటే ఊరుకోను.

మామయ్య