ఇంటర్వ్యూ కోటు కోసం అమ్మ కమ్మలా?

ప్రశ్న: మాది అనంతపురం పాతూరు. నాన్న ఆటో నడుపుతాడు. నా మెకానికల్ బీటెక్ పోయినేడు అయిపోయింది. వచ్చే రెండు వారాల్లో మూడు ఇంటర్వ్యూలున్నాయి. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో ట్రైనీ ఇంజనీరు, మా ఊళ్ళోనే ఒక ప్రైవేటు బ్యాంకులో సేల్స్ ఆఫీసరు, బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కోటు లేకుండా పోతే మొహం కూడా చూడరని ఫ్రెండ్స్ అంటున్నారు. సప్తగిరి సర్కిల్ దగ్గర అడిగితే సూటు 9,500, షూ, బెల్టు, టై కలిపి మొత్తం 13,000 అన్నారు. చిన్నాన్న క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే 6 నెలల ఈఎంఐ, వడ్డీ లేదట. అమ్మేమో "దుడ్లకేంలే నాయనా, నా కమ్మలు కుదువ పెడదాం" అంటోంది. ట్యూషన్లు చెప్పి నేను దాచుకున్నది 11,000 ఉంది. ఏం చేయమంటారు? అక్క పెళ్ళికి కుట్టించుకున్న మెరుపు చొక్కా ఒకటుంది, అది పనికొస్తుందా?

జవాబు: సూటు వద్దు. ఈ మూడు ఇంటర్వ్యూల్లో ఏ ఒక్కదానికీ వద్దు. అమ్మ కమ్మలు ప్రస్తుతానికి చెవులకే ఉండనివ్వండి. వాటి సంగతి చివర్లో చెబుతాను.

కోటు గురించి నాకూ ఒక అనుభవం ఉంది. చాలా ఏళ్ళ కిందట కడపలో నా మొదటి ఇంటర్వ్యూకి మామయ్య పెళ్ళికోటు అడిగి తెచ్చుకున్నాను. ఏప్రిల్ నెల. చేతులు వేళ్ళ దాకా దిగాయి, భుజాలు నావి కావు. లోపలికి పోయేసరికి కాలరు తడిసి ముద్దయింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన టేబుల్ ఫ్యాన్ నా వైపు తిప్పి, "ముందా కోటు తీసి కూర్చో నాయనా" అన్నాడు. ఉద్యోగం రాలేదు. తప్పు కోటుది కాదు, చక్రవడ్డీ లెక్క తప్పు చెప్పాను. అయితే ఆ లెక్క తప్పడంలో చెమటకు కొంత వాటా ఉందని ఇప్పటికీ నా అనుమానం.

అక్కడ పనిచేసేవాళ్ళు రోజూ ఏం వేసుకుంటారో చూసి, దానికి ఒక్క మెట్టు పైన ఉండండి. రెండు మెట్లెక్కితే పెళ్ళికొడుకులా కనిపిస్తారు.

పెనుకొండ సంగతి చూద్దాం. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలైంది. ఇలాంటి ఫ్యాక్టరీల్లో కింద పనిచేసేవాళ్ళకు యూనిఫాం ఉంటుంది. మిమ్మల్ని ప్రశ్నలడిగే ప్రొడక్షన్ మేనేజరు కూడా చాలాసార్లు కంపెనీ చొక్కాతోనే వస్తాడు. ఆయన ముందు మీరు సూటులో కూర్చుంటే, వీడు మిషన్ దగ్గర నిలబడతాడా అన్న అనుమానం వస్తుంది. మాటల మధ్యలో "రా, లోపల లైన్ చూపిస్తా" అన్నాడనుకోండి, తిరిగే యంత్రాల దగ్గర వేలాడే టై ఎంత ప్రమాదమో మెకానికల్ చదివిన మీకు నేను చెప్పక్కర్లేదు. ఫుల్ చేతుల చొక్కా టక్ చేసి, కాళ్ళు పూర్తిగా కప్పే షూ వేసుకోండి. అది చాలు.

బ్యాంకుకు కొంచెం ఎక్కువ కావాలి. సేల్స్ ఆఫీసరంటే ఖాతాదారు ఇంటి గడప తొక్కే మనిషి. ఆ మనిషి చేతికి డబ్బివ్వాలనిపిస్తుందా అని చూస్తారు. ఒక పని చేయండి: పొద్దున బ్యాంకు తెరిచే వేళకు ఆ బ్రాంచి ఎదురుగా టీ తాగుతూ పది నిమిషాలు నిలబడండి. లోపలికి పోయే మీ వయసు కుర్రాళ్ళ మెడలో టై ఉంటే 250 పెట్టి మీరూ కొనండి, లేకపోతే లేదు.

బెంగళూరులో అడిగేవాడు టీషర్టు, జీన్స్‌లో ఉండొచ్చు. మీరు మాత్రం ఉండొద్దు, అతనికి ఉద్యోగం ఉంది కదా! అదే ఫుల్ చొక్కా, టై లేకుండా. ఇంకా అనుమానముంటే కాల్ లెటరు పంపిన హెచ్ఆర్‌కు ఫోన్ చేసి "ఫార్మల్స్ తప్పనిసరా మేడమ్?" అని అడగండి. అడిగినందుకు ఎవరూ మార్కులు తగ్గించరు. (మీ అక్కచెల్లెళ్ళెవరైనా అడిగితే, ఇస్త్రీ చేసిన చుడీదార్ ఈ మూడు చోట్లా సరిపోతుంది.)

ఇక డబ్బు. కొత్తగా ఒకే జత కొనండి. లేత నీలం లేదా తెల్ల చొక్కా 900. ప్యాంటు గుడ్డ 600, కుట్టుకూలి 500. నల్ల షూ 1,200, బెల్టు 300, కటింగు, ఇస్త్రీ 200. అంతా కలిపి 3,700. ధరలు షాపును బట్టి అటూఇటూ అవుతాయి. ప్యాంటు రెడీమేడ్ వద్దనడానికి కారణముంది. ఇంటర్వ్యూలో మన మీద బట్ట సరిగ్గా అమరలేదని ఎక్కువగా తెలిసిపోయేది నడుము దగ్గర, మడమల దగ్గర. కొలతలిచ్చేటప్పుడు షూ తొడుక్కునే పోండి, అప్పుడే అంచు పొడవు సరిగ్గా తెలుస్తుంది. కుట్టడం ఆలస్యమయ్యే పెళ్ళిళ్ళ సీజన్ అయితే గుడ్డ ఈ వారమే ఇచ్చేయండి.

పన్ను లెక్క కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 లోపు రెడీమేడ్ బట్టకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. పన్నుతో కలిపి 9,500 అన్న సూటులో దాదాపు 1,450 పన్నే. ఏడాదికి ఒకసారి బీరువాలోంచి బయటికొచ్చే బట్టకు ఇది ఎక్కువ.

"వడ్డీ లేని ఈఎంఐ" మాట నమ్మకండి. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీని ధరలోనో, మీకు రావాల్సిన డిస్కౌంటులోనో సర్దుతారు. చాలా కార్డుల్లో ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ అదనం. పైగా కార్డు చిన్నాన్నది. ఒక నెల మీరు ఇవ్వలేక, ఆయన ఆ వాయిదా కట్టకుండా వదిలేశాడనుకోండి. కట్టని సొమ్ము మీద కార్డు వడ్డీ నెలకు 3 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. 3.5 లెక్కన చూసినా ఏడాదికి 42 శాతం, దాని మీద జీఎస్టీ అదనం. అప్పు సరిగ్గా కడతారా లేదా అని బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు దెబ్బతినేది కూడా ఆయనదే. చుట్టరికం దెబ్బతినడం సిబిల్‌లో కనిపించదనుకోండి.

మీ 11,000లో బట్టలకు 3,700 పోతే 7,300 మిగులుతుంది. పెనుకొండకు, బెంగళూరుకు రానుపోను ఛార్జీలు, తిండి కలిపి 1,800 పెట్టుకోండి. బెంగళూరుకు చొక్కా వేసుకుని బయల్దేరొద్దు. హ్యాంగరుకు తగిలించి సంచిలో పెట్టుకుని, దిగాక స్టేషన్లో మార్చుకోండి. షూ మాత్రం నాలుగు రోజుల ముందు నుంచే ఇంట్లో తొడుక్కుని తిరగండి. కొత్త షూ కరిస్తే మొహం మీద తెలిసిపోతుంది.

ఇంకా 5,500 ఉంది. దాన్ని ముట్టుకోవద్దు. ఇంటర్వ్యూ ఖర్చు గురించి అందరూ అడుగుతారు, ఉద్యోగం వచ్చాక మొదటి జీతం దాకా ఎలా అని ఎవరూ అడగరు. బెంగళూరులో చేరితే పీజీ హాస్టలుకు అడ్వాన్సు, మొదటి నెల అద్దె, రోజూ బస్సు. నెల మూడో వారం దాటి చేరితే ఆ నెల జీతాల లెక్క అప్పటికే కట్టేసి ఉండొచ్చు. అప్పుడు మీ జీతం వచ్చే నెలాఖరుకు కలిపి వేస్తారు. అంటే దాదాపు 40 రోజులు సొంత డబ్బుతో గడపాలి. 15,000 దాకా చేతిలో ఉండాలని నా అంచనా. ఆఫర్ లెటర్ చేతికొచ్చిన రోజు చేరే తేదీ చూసుకుని ఈ లెక్క వేసుకోండి. తక్కువపడితే అమ్మ కమ్మలు అప్పుడు తీయండి. అదీ బ్యాంకులో పెట్టండి. వీధి చివర నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో దానికంటే బాగా తక్కువ పడుతుంది. మొదటి రెండు జీతాల్లో విడిపించేయండి. కోటుకు పెట్టిన కమ్మలు ఉద్యోగం రాకపోతే అక్కడే ఉండిపోతాయి. ఆఫర్ చేతిలో పెట్టుకుని పెట్టినవి తిరిగొస్తాయి.

ఇంకొకటి. యూనిఫాం కోసమని, సెక్యూరిటీ డిపాజిట్ అని చేరకముందే ఎవరైనా ఫోన్‌పే చేయమంటే అది ఉద్యోగం కాదు, మోసం. వెనక్కి వచ్చేయండి.

ఆ మెరుపు చొక్కా వద్దు. ట్యూబులైటు కింద అది మీకంటే ముందు మాట్లాడుతుంది. తమ్ముడుంటే ఇచ్చేయండి.