బండిలో వంట: ఇండక్షన్ స్టవ్ కొనేముందు ఒక్క మాట

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

సోలార్ మోటార్ల పనికని ఈకో కార్గో వ్యాను కొన్నావనీ, మధ్యాహ్నం అన్నం అందులోనే వండుకుంటాననీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మంచి ఆలోచనే నాయనా. పొలాల్లో పని పడితే దగ్గర్లో హోటలుండదు, ఉన్నా మూడు దాటాక వెళ్తే అడుగంటిన సాంబారే గతి. అయితే 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ కొంటానన్నావట. దాని దగ్గరే కాస్త ఆగు.

కరెంటుతో మోటారు తిప్పడం చవక, వేడి పుట్టించడం ఖరీదు. మిక్సీలో రెండు నిమిషాలు ఊరిబిండి పచ్చడి తిప్పుకుంటే బ్యాటరీకి తెలియనే తెలియదు. ఇండక్షన్ అలా కాదు. 1200 వాట్ల దగ్గర పెట్టినా 12 వోల్టుల బ్యాటరీ నుంచి 100 ఆంపియర్ల పైనే లాగుతుంది. పూర్తిగా పెడితే 180. లీటరు రైస్ కుక్కర్ 400 వాట్లే. ముప్పై అయిదు, నలభై ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. అరగంట పడుతుంది, పట్టనీ. నువ్వు స్టాండు నట్లు బిగించే లోపు అన్నం అయిపోతుంది.

బండి బ్యాటరీ జోలికి మాత్రం పోవద్దు. అది సెల్ఫ్ కొట్టడానికే గానీ అన్నం వండడానికి కాదు. నాలుగు రోజులు అడుగంటా వాడితే అయిదో రోజు చేలో బండి కదలదు. సిగరెట్ లైటర్ సాకెట్ కూడా అంతే, దాని ఫ్యూజు 10 నుంచి 15 ఆంపియర్లు. ఫోన్ ఛార్జర్‌కు, 12 వోల్టుల టిఫిన్ హీటర్‌కు సరిపోతుంది. అంతకు మించి పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఇంటి ఇన్వర్టర్‌కు పెట్టే ట్యూబులార్ బ్యాటరీ చవకే, కానీ యాభై కిలోల పైన బరువు, గతుకుల్లో యాసిడ్ చిందుతుంది, సగం కన్నా ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. డబ్బు కాస్త ఎక్కువైనా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీయే తీసుకో. 12.8 వోల్టులు, 100 ఆంపియర్-అవర్లది అంటే మన ఇంటి మీటరు లెక్కలో ఒకటింపావు యూనిట్. కుక్కర్ అన్నానికి పావు యూనిట్ పోతుంది. టీకి, డ్రిల్లు బ్యాటరీలు ఎక్కించుకోవడానికి ఇంకా బోలెడు మిగులుతుంది. ఒక్కటి గుర్తుంచుకో, ఈకోలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. ఆ వేడి తగలని చోట, వెనకవైపు, కదలకుండా బెల్టుతో బిగించు.

దాన్ని ఛార్జ్ చేయడానికి, ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా వైరు లాగేవాళ్లున్నారు. వాళ్ల మాట వినకు. లిథియం ఎంతిచ్చినా లాక్కుంటుంది, ఆల్టర్నేటర్ మాడిపోతుంది. మధ్యలో ఆ కరెంటును అదుపులో పెట్టి ఇచ్చే డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి. 30 ఆంపియర్లదైతే అనంతపురంలో బయల్దేరి కదిరి చేరేసరికి అర యూనిట్ పైనే ఎక్కుతుంది. ముందు ఆల్టర్నేటర్ మీద ఎన్ని ఆంపియర్లని రాశారో చూసి ఛార్జర్ కొను. పైన ప్యానెల్ పెట్టుకోమని నీకు నేను చెప్పాలా, అది నీ పనే కదా.

బ్యాటరీ కరెంటును కుక్కర్‌కు, మిక్సీకి పనికొచ్చే ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ కొనేటప్పుడు పెట్టె మీద పెద్దక్షరాలను నమ్మకు. అవి క్షణకాలం మోసే పీక్ అంకెలు. లోపల చిన్నక్షరాల్లో ‘కంటిన్యూయస్’ అని ఉండేదే అసలుది. నీకు 1000 వాట్లు కంటిన్యూయస్, ఇంటి కరెంటులాగే నునుపుగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ చాలు. చవకరకం మాడిఫైడ్ వేవ్ మీద మిక్సీ మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే 125 లేక 150 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్. ఫ్యూజు దూరంగా పెడితే ఆ మధ్యలో కేబుల్ బండి రేకుకు రాసుకుని షార్టయినా ఆపేవాడుండడు.

ఇక వంట. ఉన్న వేడిని వదులుకోకపోవడమే సగం పని. పప్పు బండిలో ఉడికించకు, పొంగుతుంది, కరెంటు తినేస్తుంది. పొద్దున ఇంట్లో గ్యాసు మీద మెత్తగా ఉడికించి, తాలింపు పెట్టి, మరిగేదాన్ని మరిగినట్టే వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కులో పోసుకో. అంతకుముందు ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి అయిదు నిమిషాలు ఉంచి పారబోయాలి, లేదంటే పప్పు వేడి ఫ్లాస్కే మింగేస్తుంది. ఒంటిగంటకు మూత తీస్తే పొగ రావాలి. గోరువెచ్చగా ఉంటే ఎండాకాలంలో తినొద్దు. అలాంటి రోజు ఊరిబిండితో కానిచ్చేయ్.

సంగటి కావాలంటే కుక్కర్లోనే అవుతుంది. గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడకనివ్వు. గంజి ఇంకా తుకతుకలాడుతుండగానే రాగిపిండి గుట్టగా పోసి, కలపకుండా మూత పెట్టు. నీళ్లు ఇంకిపోయాక పోస్తే కుక్కర్ దానంతట అదే వార్మ్‌లోకి వెళ్లిపోతుంది, పిండి పచ్చిగా ఉండిపోతుంది. పది నిమిషాలాగి, గిన్నె బయటికి తీసి, కాళ్ల మధ్య బిగించుకుని కట్టెతో కెలుకు. అందుకే నాన్‌స్టిక్ గిన్నె ఉన్న కుక్కర్ వద్దు, పూత లేచి సంగట్లో కలుస్తుంది. మామూలు అల్యూమినియందో స్టీలుదో వెతుకు.

గ్యాసు కూడా ఉంచుకుంటానంటే 5 కిలోల సిలిండరు ఏజెన్సీలోనే కొను, పెద్దదాంట్లోంచి నింపి అమ్మేవాళ్ల దగ్గర కాదు. వెలిగించడం మాత్రం కింద, చెట్టు నీడన. ఆ గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే బండి నేల మీదే పరుచుకుంటుంది. వాన పడుతోందని తలుపులేసుకుని లోపల వెలిగించావో, వాసన లేని విషవాయువుతో నిద్రలోనే పోతావు. వానరోజున కుక్కరే వాడు.

ఆదివారం బండి ఇక్కడికి తీసుకురా. కేబుల్ చివర తొడిగే లగ్గులు నొక్కే క్రింపర్ నా దగ్గరుంది, సుత్తితో కొట్టి బిగించే పని పెట్టుకోకు. మీ పెద్దమ్మ శెనక్కాయల పొడి చేసి పెడతానంది, ఖాళీ డబ్బా తెచ్చుకో.

ఇట్లు,
మీ పెదనాన్న