జీపీఆర్ గీతల మధ్య ఎడం ఎంత ఉండాలి?

ప్రశ్న: మా ఫ్యాక్టరీ ఆవరణలో 30 × 20 మీటర్ల ఖాళీ జాగా ఉంది. కింద 100 మి.మీ. ఇనుప నీటి పైపులున్నాయి. ఎటు పోతున్నాయో చెప్పగలిగేవాళ్లు లేరు. జీపీఆర్ (నేలలోకి రేడియో తరంగాలు పంపి కింద ఉన్నవాటిని చూపే రాడార్) 400 మెగాహెర్ట్జ్ ఏంటెన్నాను నేల మీద అర మీటరుకో గీత చొప్పున ఒకే దిక్కుగా లాగుతానంటున్నాడు కాంట్రాక్టరు. సరిపోతుందా?
– మెయింటెనెన్స్ ఇంజనీరు, అనకాపల్లి

జవాబు: పైపులకైతే ఒప్పుకోకండి. లెక్క చూడండి. అర మీటరు ఎడంతో పొడవునా 41 గీతలు, 1,230 మీటర్ల నడక. మీటరు ఎడంతో రెండు దిక్కులా లాగితే నిలువు 21 గీతలు (630 మీ.), అడ్డం 31 గీతలు (620 మీ.), మొత్తం 1,250. కూలీ దాదాపు అంతే. ఫలితంలోనే తేడా. గీతలతో పాటే సాగే పైపు సరిగ్గా గీత కింద పడినా తెర మీద అడ్డపట్టీలా కనిపిస్తుంది, మట్టిపొర అనుకుని వదిలేస్తారు. పైపును అడ్డంగా దాటినప్పుడే గొడుగు లాంటి వంపు వస్తుంది.

ఏటవాలుగా దాటితే మరో చిక్కు. 45 డిగ్రీల కోణంలో ఆ గొడుగు 1.41 రెట్లు వెడల్పవుతుంది. దానికి వక్రం సరిపెట్టి నేలలో తరంగ వేగం తీస్తే అదీ 1.41 రెట్లు ఎక్కువొస్తుంది. మీటరు లోతున్న పైపు రిపోర్టులో 1.41 మీటర్లకు దిగిపోతుంది. కాబట్టి పైపు దిశ తేలాక దానికి లంబంగా, అంటే సరిగ్గా అడ్డంగా, రెండు మూడు గీతలు విడిగా లాగించి, లోతు వాటినుంచే తీయించండి.

గీతల ఎడం తరంగం అలపొడవులో పావుకు మించకూడదనే ‘పావు అలపొడవు’ నియమం గురించి కూడా వినే ఉంటారు. నేలలో వేగం నానోసెకనుకు 10 సెం.మీ. అనుకుంటే 400 మెగాహెర్ట్జ్ అలపొడవు 25 సెం.మీ., అందులో పావు 6. ఆ ఎడంతో మీ జాగాకే పది కిలోమీటర్ల నడక! ఏంటెన్నాలు వరసగా కట్టిన బండి ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

నల్లరేగడి అయితే ముందు తెలిసిన పైపు మీద ఒక్క గీత లాగి చూడండి. తడి రేగడిలో మీటరు లోతు కూడా అందకపోవచ్చు. అప్పుడు గీతలు ఎంత దగ్గర చేసినా డబ్బు దండగ.

ప్రశ్న: ప్రహరీ పునాది తవ్వేముందు గుర్తులు చెరిగిన సమాధులు వెతకాలి. గీతలు ఎటు?
– గుంటూరు పాఠకుడు

జవాబు: ఇక్కడ అర మీటరే, అదీ సమాధి పొడవు వెంట కాదు, దానికి అడ్డంగా. 1.8 × 0.6 మీటర్ల గుంతను అడ్డంగా మూడు నాలుగు గీతలు దాటతాయి. పొడవు వెంట లాగితే ఒకటి, మహా అయితే రెండు. క్రైస్తవ సమాధులు మామూలుగా తూర్పు పడమరలుగా ఉంటాయి కనుక గీతలు ఉత్తర దక్షిణాలుగా లాగండి. మన దగ్గర ముస్లిం సమాధులు ఉత్తర దక్షిణాలు, కాబట్టి గీతలు తూర్పు పడమర. ఒక్క గీతలోనే కనిపించిన గుంతను లెక్కలోకి తీసుకోకండి, చెట్టు వేరూ అలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: గీతలన్నీ కలిపి ఒక్కో లోతుకు ఒక్కోటిగా గీసే జీపీఆర్ లోతువారీ పటాల్లో తిన్నని పైపు రంపపు పళ్లలా వస్తోంది. సాఫ్ట్‌వేర్ లోపమా?
– సర్వే విద్యార్థి, వరంగల్

జవాబు: చాలావరకు కాదు. ఒక గీత వెళ్తూ, తర్వాతిది తిరిగొస్తూ లాగారా? ఏంటెన్నా పెట్టె ముందంచును సున్నా గీత (కొలత మొదలయ్యే చోటు) మీద పెట్టారనుకోండి. ఏంటెన్నా మధ్యభాగం 30 సెం.మీ. వెనకుంటే, వెళ్లే గీతలకూ వచ్చే గీతలకూ మధ్య 60 సెం.మీ. తేడా పడుతుంది. పెట్టె మీద మధ్యభాగాన్ని టేపుతో గుర్తుపెట్టి, ఆ గుర్తునే సున్నా మీద ఉంచండి. దూరం కొలిచే ఓడోమీటరు చక్రాన్ని ఆఫీసు గచ్చు మీద కాదు, ఆ నేల మీదే 20 మీటర్ల టేపు పరిచి సరిచూడండి. రెండు శాతం తప్పితే 30 మీటర్ల గీత చివర మళ్లీ అదే 60 సెం.మీ.

మూలమట్టం కూడా చూశారా? 3-4-5 కొలతల త్రిభుజంతో మూల పెట్టి పురికొస కట్టాక కర్ణాలు రెండూ కొలవండి. 30 × 20 జాగాకు ఒక్కోటి 36.06 మీటర్లు రావాలి. ఐదారు సెంటీమీటర్లు మించి తేడా వస్తే మేకులు పీకి మళ్లీ కొట్టండి.