రెండు పొరల అద్దాల తలుపుకు గడియ పడకపోతే మొత్తం మార్చాలా?

ఒడిశాలోని గోపాలపూర్‌లో సముద్రం దగ్గరి ఇంట్లో యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) తలుపు హ్యాండిల్ బిగుసుకుపోయిందని, కిటికీలూ సరిగా మూతపడటం లేదని, అన్నీ కొత్తవి పెట్టించాలా అని అడిగారు. చాలావరకు అవసరం ఉండదు. తొందరపడి డబ్బు పోగొట్టుకోకండి.

ముందు తలుపు తెరిచి ఉంచి హ్యాండిల్ తిప్పి చూడండి. అప్పుడు సులువుగా తిరిగి, మూసినప్పుడే బిగుసుకుంటే తాళం బాగానే ఉన్నట్టు. అద్దాల బరువుకు తలుపు కిందికి జారి, గడియ నాలుకలు ఫ్రేములోని గుంటలకు ఎదురుగా రావడం లేదు. చాలా రకాల బందుల్లో ఎత్తు సరిచేసే మర ఉంటుంది. అలెన్ కీతో (ఆరు పలకల మర తిప్పే వంకీ కడ్డీ) పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ మూసి చూడాలి.

తెరిచి ఉన్నా బిగుసుకుంటే లోపలి గేర్‌బాక్స్ (హ్యాండిల్ తిప్పితే గడియ నాలుకలను కదిపే భాగం) పాడై ఉండవచ్చు. దాన్నొక్కదాన్నే మార్చవచ్చు. మూసిన తలుపును మాత్రం బలవంతం చేయకండి. లోపల విరిగితే తెరవడమే కష్టమవుతుంది. పాత భాగాన్ని విప్పి, చేత పట్టుకునే బరంపురంలోని హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళండి. కొలతలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా అది కూర్చోదు.

కిటికీలకు అసలు శత్రువు ఉప్పుగాలి. బందులు, మరలు తుప్పు పడితే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి, మామూలు 304 రకం కంటే ఉప్పును బాగా తట్టుకుంటాయి. ఈ పని అక్టోబరులోపే చేయించండి. 2013లో ఫైలిన్ తుఫాను మీ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది ఆ నెలలోనే.

రెండు అద్దాల మధ్య తేమ కనిపిస్తే అది తాళం లోపం కాదు. అంచు సీలు పోయింది; ఫ్రేము ఉంచి అద్దాల జతను మారిస్తే చాలు.