బస్సుకు అంతస్తులెందుకు?

తమ్ముడూ,

నీ కథ మూడో పేజీలో ఆగిపోయాను. 1985, సికింద్రాబాద్ స్టేషన్, నీ కుర్రాడు ‘రెండంతస్తుల బస్సు’ కోసం నిలబడ్డాడు. ఆ మాట తొమ్మిదిసార్లు రాశావు, లెక్కపెట్టాను. ఆ స్టాపులో ఎవడైనా అలా అనుంటే పక్కవాడు ఎగాదిగా చూసేవాడు. అక్కడ కూరలమ్మే ఆవిడ కూడా “డబల్ డెక్కర్ వచ్చింది, ఉరుకు” అనేది. డెక్ అంటే ఓడలో అంతస్తని ఆవిడకు తెలియదు, ఆ అవసరమూ లేదు.

ఈ జంకు నీకెవరు నేర్పారో తెలుసు. నా కథలో డబుల్ డెక్కర్‌ని ఒక వారపత్రిక ఎడిటరు ‘ద్వితల శకటం’ చేశాడు. చిలకలగూడ గదిలో దీపం లేక, 7జడ్ నంబరు డబుల్ డెక్కర్ ఎక్కి, పైన ముందు సీట్లో జూపార్కు దాకా పోయి వస్తూ రాసిన కథ అది. ట్యాంక్‌బండ్ గాలికి రెండు కాగితాలు హుస్సేన్‌సాగర్ పాలయ్యాయి. అచ్చయ్యాక మా అమ్మ చదివించుకుని, “పట్నంలో ఎద్దులబండి ఎక్కినావేంరా?” అంది. పారితోషికం పాతిక రూపాయలు, అదీ ఎనిమిది నెలలకు.

అలాగని రెండు వరసలున్నదల్లా డబుల్ డెక్కర్ అయిపోదు. రాజమండ్రిలో 1974 నాటి గోదావరి వంతెన మీద పైన రోడ్డు, కింద రైలు. ఆకారం అదే, జనం మాత్రం ‘రోడ్ కం రైల్ బ్రిడ్జి’ అంటారు. విశాఖ నుంచి విజయవాడ వచ్చే ఉదయ్ రైలుకేమో డబుల్ డెక్కర్ పేరు అతికింది. రెండు గిన్నెలున్నా క్యారేజీ క్యారేజీయే. నీ అనంతపురం అవ్వ మట్టిమిద్దెకు మెట్లు కట్టి పైన గది వేశావు చూడు, దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మావైపు మట్టిమిద్దె మీద వడియాలు ఎండేస్తారు, వానొస్తే కింద గిన్నెలు పెడతారు. పైన కాపురముండరు.

అసలు కోపం ఇంకోటి. ఇల్లుగలాయన పైన, కుర్రాడి కుటుంబం కింది వాటాలో. అక్కడ ‘ఫస్ట్ ఫ్లోర్’ అని రాసి పారేశావు! ఇంటికి కట్టేదీ అంతస్తే, పెళ్లిచూపుల్లో తూచేదీ అంతస్తే. ఒక్క మాటతో ఇల్లూ, ఆయన పొగరూ రెండూ కనబడేవి. బస్సు మీద వృథా చేసిన ఆ అంతస్తుని దించి ఈ ఇంటికి ఎక్కించు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. అది మరోసారి.

2023లో కరెంటు డబుల్ డెక్కర్లు వచ్చాయని తెలిసి ట్యాంక్‌బండ్ దగ్గర ఎక్కాను. మోకాళ్లు మొరాయించాయి, పైకి పోలేక కిందే కూర్చున్నాను. నీ కథలో తల్లి మెట్లెక్కలేక కింద ఉండిపోతే, పైనున్న కుర్రాడు అమ్మ తనను మరిచి దిగిపోతుందేమోనని ప్రతి స్టాపులో కిటికీలోంచి తొంగిచూస్తాడే, ఆ పేరా ముట్టుకోకు.